వేడెక్కితే సెల్ఫ్ అందుకోని స్కిడ్ స్టీర్: ఒక కేస్ స్టడీ

ఫిర్యాదు ఇది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే ఇంజిను ఒక్క పట్టున అందుకుంటుంది. గంటన్నర లోడింగ్ చేసి పది నిమిషాలు ఆపితే మాత్రం మళ్ళీ సెల్ఫ్ తిరగదు. తాళం స్టార్ట్ దాకా తిప్పితే ఫ్యూజు పెట్టెలోంచి చిన్న ‘టిక్’ వినిపిస్తుంది, అంతే. నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట ఆగితే అసలేమీ జరగనట్టు స్టార్టవుతుంది.

మిషన్ 4 సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉన్న స్కిడ్ స్టీర్ లోడర్, అంటే ముందు బకెట్‌తో ఎత్తిపోసే చిన్న లోడరు. 12 ఓల్టుల సిస్టం, హైడ్రోస్టాటిక్ డ్రైవ్ (చక్రాలను ఆయిల్ ప్రెషరు తిప్పే ఏర్పాటు), గంటల మీటరు మీద 3,140. రెండు నెలల్లో దీనికి కొత్త బ్యాటరీ వేశారు, సెల్ఫ్ మోటారు మార్చారు, చివరికి ఇగ్నిషన్ స్విచ్ కూడా మార్చారు. మార్చిన ప్రతిసారీ రెండు మూడు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత మళ్ళీ పాత కథే.

జాబ్ కార్డులో అందరూ దాటేసిన సంగతి ఇదే. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సామాన్లు మార్చినా మూడుసార్లూ కొన్నాళ్ళు నయమైంది. అంటే ఆ మూడు పనుల్లోనూ ఉమ్మడిగా ఇంకేదో కదిలింది, ఏదో తాత్కాలికంగా కుదురుకుంది. సామాను చెడితే మార్చాక బాగుపడి అలాగే ఉంటుంది. మూడోరోజు మళ్ళీ మొదలయ్యేది చాలావరకు వైరింగులోని లూజు.

ముందు చెవి, తర్వాత మీటరు

స్టార్టింగ్ ఫిర్యాదులో తాళం తిప్పినప్పుడు వచ్చే చప్పుడే సగం దారి చూపిస్తుంది. ‘టకటకటక’ అని గబగబా కొట్టుకుంటే బ్యాటరీ నీరసించిందని గానీ, బ్యాటరీ టెర్మినల్ దగ్గర పట్టు లేదని గానీ అర్థం. సాలినాయిడ్ (సెల్ఫ్ మీది విద్యుదయస్కాంత స్విచ్) లాగుతుంది, మోటారు కరెంటు పీల్చగానే ఓల్టేజ్ కుప్పకూలి వదిలేస్తుంది, మళ్ళీ లాగుతుంది. సెల్ఫ్ దగ్గర్నుంచి బరువుగా ఒక్క ‘ఠప్’ వచ్చి ఆగిపోతే ప్లంజరు (సాలినాయిడ్ లోపల జారే ఇనుప కడ్డీ) లోపలికి వెళ్ళింది గానీ మోటారు తిరగలేదు. అప్పుడు సాలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు, కార్బన్ బ్రష్లు, లేదంటే ఇంజినో పంపో బిగుసుకుపోవడం చూడాలి. ఏ చప్పుడూ లేకపోతే కంట్రోల్ వైపు వెతకాలి: స్విచ్, ఫ్యూజు, సీటు స్విచ్, సీటు బార్ (ఒడి మీదికి దించుకునే రక్షణ కడ్డీ) సెన్సారు, న్యూట్రల్.

ఈ మిషన్లో వినిపించింది రిలే ‘టిక్’ ఒక్కటే. సెల్ఫ్ వైపు నుంచి ‘ఠప్’ లేదు, ఒకటి రెండుసార్లు చచ్చుగా ఓ చిన్న కదలిక మాత్రం వినబడింది. పైగా తాళం స్టార్ట్‌లో పట్టుకున్నప్పుడు డాష్ మీది లైట్లు ఇంచుమించు అదే వెలుగుతో ఉన్నాయి. సెల్ఫ్ మోటారు నిజంగా కరెంటు పీలిస్తే లైట్లు మసకబారి తీరతాయి. అవి మసకబారలేదంటే మోటారు దాకా కరెంటు పోనేలేదు.

రిలే టిక్‌మనడం పనిని సగానికి తగ్గించేసింది. ఈ మోడల్లో ఇగ్నిషన్ స్విచ్ నుంచి స్టార్ట్ సిగ్నల్ కంట్రోలర్‌కి వెళ్తుంది. సీటులో మనిషి ఉన్నాడా, సీటు బార్ సరైన స్థానంలో ఉందా, లీవర్లు న్యూట్రల్లో ఉన్నాయా అని అది చూసుకుని అప్పుడు రిలే కాయిల్‌కి ఎర్త్ ఇస్తుంది. అన్ని స్కిడ్ స్టీర్లలోనూ ఇలా ఉండదు. కొన్నింటిలో సీటు బార్ హైడ్రాలిక్స్‌నీ డ్రైవ్‌నీ మాత్రమే ఆపుతుంది, స్టార్టింగ్ జోలికి రాదు. అందుకే మీ చేతిలో ఉన్న మిషన్ సర్క్యూట్ బొమ్మ చూడకుండా సీటు స్విచ్‌ను అనుమానించొద్దు, తీసి పారేయనూ వద్దు. ఇక్కడ రిలే పలికింది కాబట్టి స్విచ్, సెన్సార్లు, కంట్రోలర్ అన్నీ తమ పని చేసినట్టే. రూఢి చేసుకోవడానికి తాళం స్టార్ట్‌లో ఉండగా రిలే కాయిల్ రెండు కొసలైన 85, 86 పిన్నుల మధ్య కొలిస్తే 11.9 ఓల్టులు. కాయిల్‌కి లోటు లేదు. మిగిలింది రిలే 30వ పిన్నుకొచ్చే సప్లై, 30-87 కాంటాక్టు (రిలే లాగినప్పుడు కలిసే స్విచ్), 87 నుంచి సెల్ఫ్ ఎస్ టెర్మినల్ (సాలినాయిడ్‌కి స్టార్ట్ సప్లై అందే చోటు) దాకా పోయే వైరు, ఆ తర్వాత సాలినాయిడ్.

కాయిల్ పలికినంత మాత్రాన కాంటాక్టు బాగున్నట్టు కాదు. ఆ రెండూ వేర్వేరు సర్క్యూట్లు.

మీటరు పట్టుకునే ముందు

బకెట్ నేలమీద ఆన్చాలి. లోడర్ చేతులు (లిఫ్ట్ ఆర్మ్‌లు) పైకి లేపి ఉంచి పనిచేయాల్సి వస్తే లిఫ్ట్ ఆర్మ్ సపోర్టు వేసి పిన్ను పెట్టాకే క్యాబ్ ఎత్తాలి. చక్రాలకు అడ్డు పెట్టాలి. సాలినాయిడ్ రెండు బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి సెల్ఫ్ తిప్పే అలవాటు స్కిడ్ స్టీర్ దగ్గర ప్రాణాంతకం. ఇంటర్‌లాకులన్నీ (సీటు, బార్, న్యూట్రల్ రక్షణలు) పక్కకు తప్పుకుంటాయి, లీవరు కాస్త కదిలి ఉన్నా ఇంజిను అందుకున్న క్షణంలోనే మిషన్ కదులుతుంది, తిప్పేవాడు చక్రం పక్కనే నిలబడి ఉంటాడు. సెల్ఫ్ తిప్పి కొలవాల్సిన ప్రతిసారీ ఫ్యూయల్ కటాఫ్ సాలినాయిడ్ (ఇంధనం ఆపేది) కప్లర్‌ను, అంటే వైర్లు కలిపే ప్లగ్గును, ఊడదీసి ఉంచాం, ఇంజిను అందుకోకుండా. కామన్ రైల్ ఇంజిన్లలో ఇలా ఊడదీస్తే ఎర్రర్ కోడ్ పడవచ్చు, మాన్యువల్లో చెప్పిన పద్ధతి వాడాలి.

బ్యాటరీ, పెద్ద కేబుళ్ళు

ఇవి త్వరగా తేలిపోయే పనులు. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 ఓల్టులు చూపించింది, అంటే నిండుగా ఉంది. 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం చార్జి అనుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ తిప్పి చూస్తే బ్యాటరీ 10.3 దగ్గర నిలబడింది, క్లాంప్ మీటరు 260 ఆంప్స్ చూపించింది. ఈ సైజు డీజిలుకు అది మామూలే. తిరుగుతున్నప్పుడు బ్యాటరీ 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీని లోడ్ టెస్టు చేయాలి. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

అదే సమయంలో కేబుళ్ళ ఓల్టేజ్ డ్రాప్, అంటే దారిలో పోయే ఓల్టులు, చూశాం. మీటరు ఒక కొస బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే ఆనించి, రెండో కొస సెల్ఫ్ బి బోల్టు (పెద్ద కేబులు బిగించే చోటు) మీద పెట్టాలి. సెల్ఫ్ తిరుగుతుండగా 0.28 ఓల్టు. మొత్తం పాజిటివ్ దారికి 0.5 దాకా సర్దుకోవచ్చు కాబట్టి పర్లేదు. నెగటివ్ వైపు మాత్రం ఇంజిన్ బ్లాకు నుంచి బ్యాటరీ నెగటివ్ పోస్టుకు 0.46 వచ్చింది. ఎర్త్ వైపు 0.2 దాటితే జాయింటు శుభ్రం చేయాల్సిందే. ఇంజిను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, ఫ్రేముకూ దానికీ లోహపు సంబంధం ఆ అల్లిక ఎర్త్ పట్టీ ఒక్కటే. పట్టీ విప్పితే లగ్గు కింద పెయింటు, పెయింటు కింద తుప్పు. గీకి, మెరిసేదాకా ఎమరీ కాగితం పట్టి, బిగించాక డ్రాప్ 0.12కి దిగింది.

ఇక్కడే చాలా కేసులు పొరపాటున ముగిసిపోతాయి. ఒక తప్పు దొరికింది, సరిచేశాం, బిల్లు రాసేద్దాం అనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. 260 ఆంప్స్‌కి 0.46 ఓల్టు అంటే ఆ ఎర్త్ జాయింటు రెసిస్టెన్స్ 0.0018 ఓమ్. సాలినాయిడ్ లాగేటప్పుడు పోయే ముప్ఫై నలభై ఆంప్స్‌కి దానిమీద పడే డ్రాప్ 0.08 కూడా ఉండదు. సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతోందన్న ఫిర్యాదుకి ఇది కారణం కావచ్చు గానీ, అసలు తిరగకపోవడానికి ఇది కారణం కాదు. తప్పు నిజమే, మన ఫిర్యాదుకి సంబంధించినది మాత్రం కాదు. వెతుకులాట ఆగలేదు.

12.4 ఓల్టుల మోసం

సెల్ఫ్ మార్చడానికి కారణం పాత జాబ్ కార్డులోనే రాసి ఉంది: “ఎస్ వైరులో 12.4 ఓల్టులు వస్తోంది, సెల్ఫ్ లాగడం లేదు, సెల్ఫ్ మార్చాలి.” ఆ 12.4 ఎలా కొలిచారో చూడాలి. ఎస్ టెర్మినల్ నుంచి వైరు ఊడదీసి, ఆ కొసను మీటరుకు తగిలించి, తాళం తిప్పమన్నారు. మీటరు పీల్చే కరెంటు మిల్లీ ఆంప్‌లో వెయ్యో వంతు. అంత కరెంటుకి వంద పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా, కాంటాక్టు మీద చిలుము పేరుకున్నా బ్యాటరీ ఓల్టేజ్ మొత్తం అటువైపు కనబడుతుంది. నీళ్ళు పారుతున్నప్పుడు పైపులోని అడ్డు తెలుస్తుంది గానీ, కొళాయి కట్టి ఉన్నప్పుడు ఎక్కడ చూసినా ఒకటే ప్రెషరు.

అందుకే ఎస్ వైరును లోడు పెట్టే కొలవాలి. దీనికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. రెండు ఫిలమెంట్ల 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసుకుని, రెండు ఫిలమెంట్లనూ కలిపేసి, ఒక కొసకి ఎస్ వైరు, రెండో కొసకి నేరుగా బ్యాటరీ నెగటివ్. సుమారు 9 ఆంప్స్ పీలుస్తుంది. సెల్ఫ్ తిరగదు కాబట్టి తాళం స్టార్ట్‌లో పట్టుకుని తీరిగ్గా కొలుచుకోవచ్చు. బల్బు గాజును చేత్తో పట్టుకోవద్దు, నిమిషంలో కాలుతుంది.

ఇంకో జాగ్రత్త ఈ కేసుకి ప్రాణం లాంటిది: క్యాబ్ దించి ఉంచే కొలవాలి. అంతకు ముందు మూడుసార్లు పనిచేసినప్పుడూ క్యాబో, వైరింగ్ కట్టో కదిలింది. సెల్ఫ్‌కి చెయ్యి అందాలంటే క్యాబ్ ఎత్తాలి. ఇగ్నిషన్ స్విచ్ మార్చాలంటే ప్యానెల్ వెనక వైరింగ్ కట్టను ముందుకి లాగాలి. బ్యాటరీ తీయాలంటే దాని బ్రాకెట్‌కి కట్టిన అదే కట్టను పక్కకి తోయాలి. ఆ మూడు పనుల్లోనూ కదిలింది క్యాబ్ మడత (క్యాబ్ ఎత్తేటప్పుడు తిరిగే కీలు) దగ్గర నుంచి ఇంజిన్ గదిలోకి దిగే కట్ట ఒక్కటే. అంచేత పొడవాటి టెస్టు వైర్లు వెనక తలుపులోంచి తెచ్చుకుని, కట్టను వేలితో కూడా తాకకుండా కొలిచాం.

ఇంజిన్‌ను పని ఉష్ణోగ్రతకు తెచ్చి, ఆపి, తలుపు మూసి పదిహేను నిమిషాలు వదిలేశాం. ఆపిన వెంటనే కన్నా ఆ తర్వాత ఇంజిన్ గది ఇంకా వేడెక్కుతుంది, ఎందుకంటే ఫ్యాను ఆగుతుంది, కూలెంటు ప్రవాహం ఆగుతుంది, బ్లాకులోని వేడి మాత్రం బయటికి వస్తూనే ఉంటుంది. తాళం తిప్పితే ‘టిక్’. ఫిర్యాదు మన ముందే జరిగింది. ఆ స్థితిలో ఎస్ టెర్మినల్ మీద, వైరు తగిలించి ఉండగానే, సెల్ఫ్ బాడీతో కొలిస్తే 7.4 ఓల్టులు. బ్యాటరీ దగ్గర 12.3. క్లాంప్ మీటరు ఎస్ వైరు చుట్టూ 26 ఆంప్స్. ఈ కొలత రెండు మూడు సెకన్లలో ముగించాలి, సాలినాయిడ్‌లోని పుల్ ఇన్ చుట్టు (ప్లంజరును లాగే తీగ చుట్టు) అరసెకను పనికోసం చుట్టింది, అలాగే పట్టుకుంటే మాడిపోతుంది.

దారిలో 4.9 ఓల్టులు ఎక్కడో కాలిపోతున్నాయి. ఇక వైరు విప్పి బల్బు పెట్టి ముక్కముక్కగా కొలవడమే. బ్యాటరీ 12.40, బల్బు దగ్గర 10.65. మధ్యలో:

బ్యాటరీ పాజిటివ్ నుంచి రిలే 30వ పిన్ను దాకా 0.15
రిలే 30 నుంచి 87కి 0.35
87 నుంచి క్యాబ్ మడత దగ్గరి కప్లర్ పైభాగం దాకా 0.10
కప్లర్ పైభాగం నుంచి కింది భాగానికి 1.05
కప్లర్ నుంచి ఎస్ వైరు కొస దాకా 0.10

కూడితే 1.75. బ్యాటరీకీ బల్బుకీ మధ్య తేడా కూడా అంతే. ఇలా ముక్కల మొత్తం అసలు తేడాతో సరిపోతేనే ఏ ముక్కనూ వదిలేయలేదని నమ్మకం. సరిపోకపోతే ఎక్కడో మీటరు కొస సరిగ్గా ఆనలేదు, మళ్ళీ కొలవాలి.

కప్లర్ లోపల

ఎనిమిది పిన్నుల కప్లర్. క్యాబ్ మడత బ్రాకెట్‌కి కొద్ది దూరంలో, కట్ట వంపు తిరిగే చోట వేలాడుతోంది. పైకి శుభ్రంగానే ఉంది. లాక్ నొక్కి లాగితే సగం వచ్చి పట్టేసింది, స్టార్ట్ వైరు ఉన్న పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, కరిగి, కాస్త కుంగిపోయి ఉంది. లోపల ఆ ఒక్క పిన్ను మీద పచ్చటి చిలుము. ఆడ టెర్మినల్ నాలుకలు వేడికి పదును చచ్చి, మగ పిన్నును పట్టకుండా వదులుగా తేలుతున్నాయి. వైరును మెల్లగా లాగితే క్రింపింగ్‌లోంచి (వైరును టెర్మినల్‌లో నొక్కి బిగించిన చోటు నుంచి) పోగులు పొడిపొడిగా రాలాయి. లెక్కబెడితే పట్టులో ఉన్నవి సగం కూడా లేవు.

నీళ్ళు ఎలా దిగాయో పక్క గదే చెప్పింది. ఎనిమిదింటిలో ఒక పిన్ను గది ఈ మోడల్లో వాడరు, దానికి ఉండాల్సిన రబ్బరు బిరడా లేదు. ప్రెషర్ వాషర్‌తో ఇంజిన్ గది కడిగినప్పుడల్లా నీళ్ళకు అదే ద్వారం. ఇంకొకటి కూడా కనబడింది. స్టార్ట్ వైరు ఇన్సులేషన్ మీద, కప్లర్‌కి నాలుగు వేళ్ళ దూరంలో రెండు సూది గుచ్చులు. ఎవరో టెస్ట్ ల్యాంపు సూదితో వైరు పొడిచి చూశారు. ఆ చిల్లుల్లోంచి దిగిన తడి రాగి పోగుల వెంట పాకింది, వైరు ఆ మేర నల్లబడిపోయింది. వైరును పొడిచి చూడటం ఇవాళ పని తేలిక చేసి ఆర్నెల్లకు పని పెంచే అలవాటు. కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి కొలవండి.

బల్బు పీల్చే 9 ఆంప్స్‌కి 1.05 ఓల్టు అంటే ఆ జాయింటు ఒక్కదాని రెసిస్టెన్స్ దాదాపు 0.117 ఓమ్. సాలినాయిడ్ లాగే 26 ఆంప్స్‌కి అదే జాయింటు 3 ఓల్టులు మింగేస్తుంది. 3 ఓల్టులు, 26 ఆంప్స్ అంటే దగ్గర దగ్గర 79 వాట్లు, గోరంత పిన్ను మీద. పెద్ద సోల్డరింగ్ ఐరన్ కొసంత వేడి. అందుకే ప్లాస్టిక్ కరిగింది. కరిగాక పట్టు ఇంకా తగ్గింది, పట్టు తగ్గాక వేడి ఇంకా పెరిగింది.

వేడికే ఎందుకు మొరాయించింది

రెండు కారణాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర ఈ సాలినాయిడ్ రెండు చుట్లూ (లాగే పుల్ ఇన్, పట్టి ఉంచే హోల్డ్ ఇన్) కలిపి 0.23 ఓమ్. 80 డిగ్రీలకు చేరితే 21 శాతం పెరిగి 0.28. ప్లంజరును లాగే బలం చుట్టులో పారే ఆంప్స్‌ని బట్టి ఉంటుంది. వైరింగ్ బాగున్న మిషన్లో ఈ పెరుగుదలను ఎవరూ గమనించరు, మిగులు బలం బోలెడు ఉంటుంది. ఇక్కడ మిగులంతా కప్లరే తినేసింది.

రెండోది కప్లరే. చల్లగా ఉన్నప్పుడు అదే బల్బు పరీక్షలో మొత్తం దారి డ్రాప్ 0.8 ఓల్టు మాత్రమే వచ్చింది. వేడికి 1.75. ప్లాస్టిక్ మెత్తబడి, వదులైన నాలుకలు ఇంకాస్త విడిపోయి, రెసిస్టెన్స్ రెట్టింపైంది. చల్లని స్థితిలో సాలినాయిడ్‌కి సుమారు 39 ఆంప్స్ అందుతున్నాయి, ప్లంజరు గట్టిగా లాగుతోంది. వేడిలో 26కి పడిపోయింది, స్ప్రింగును ఓడించడానికి అది చాలలేదు. చచ్చుగా వినిపించిన కదలిక అదే, ప్లంజరు కొంత దూరం వెళ్ళి ఆగిపోవడం.

ప్లంజరు ఒక్కసారి పూర్తిగా లోపలికి వెళ్ళిందంటే తర్వాత ఇబ్బంది లేదు. కాంటాక్టు కలవగానే పుల్ ఇన్ చుట్టుకి రెండు వైపులా ఒకే ఓల్టేజ్ వచ్చి దానిలో కరెంటు ఆగుతుంది, హోల్డ్ ఇన్ చుట్టు ఒక్కటే పది ఆంప్స్ చిల్లరతో పట్టి ఉంచుతుంది. అందుకే ఈ మిషన్ అందుకుంటే పూర్తి వేగంతో తిరిగింది, అందుకోకపోతే అసలు తిరగలేదు. నడిమి స్థితి లేదు. నెమ్మదిగా తిరగడమన్నది ఒక్కసారి కూడా లేకపోవడమే మొదటి రోజు నుంచీ పెద్ద కేబుళ్ళను వదిలి సన్న వైరు వైపు చూడమన్న సూచన.

కొత్త సెల్ఫ్ వేసినప్పుడు మూడు రోజులు నడవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. కొత్త ప్లంజరు జిగురూ ధూళీ లేకుండా తేలిగ్గా జారుతుంది, తక్కువ ఆంప్స్‌కే లాగుతుంది. దానికి తోడు క్యాబ్ ఎత్తి దించడంలో కప్లర్ కాస్త తిరిగి కొత్త చోట ఆనింది. తీసేసిన పాత సెల్ఫ్‌ను బల్ల మీద బ్యాటరీకి నేరుగా కలిపి చూస్తే నిక్షేపంగా తిరిగింది.

మరమ్మతు

కరిగిన కప్లర్‌ను శుభ్రం చేసి తిరిగి వాడే ఆలోచనే పెట్టుకోకూడదు. పదును పోయిన నాలుకలు నొక్కితే ఆ పూటకి బిగుస్తాయి, వేడికి మళ్ళీ విడతాయి. రెండు వైపులా వైరును మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి కోశాం. పై వైపు 6 సెంటీమీటర్లకే మంచి రాగి దొరికింది. సూది గుచ్చులున్న కింది వైపు 22 సెంటీమీటర్లు పోయింది. అంత మేర 4 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు అతికి, సీలున్న కొత్త కప్లర్ వేశాం.

అతుకును టంకం వేయకుండా క్రింపింగే చేశాం. కదిలే చోట టంకం పనికిరాదు, కరిగిన సీసం పోగుల మధ్యకి పాకి వైరును పుల్లలా గట్టిపరుస్తుంది, ఆ గట్టిదనం ఆగే అంచు దగ్గర పోగులు తెగుతాయి. సరైన సైజు దవడలున్న ప్లయరుతో క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, రెండు కొసల్లోనూ జిగురు ఉబికి వచ్చేదాకా వేడి చేయాలి. ప్రతి క్రింపునూ చేత్తో లాగి చూడాలి. ఖాళీ గదిలో బిరడా మరవొద్దు.

కొత్త కప్లర్‌ను వంపు దగ్గర వేలాడదీయకుండా 15 సెంటీమీటర్లు పైకి జరిపి, రబ్బరు పూసిన క్లాంపుతో ఫ్రేముకి బిగించాం. క్యాబ్ పూర్తిగా ఎత్తినప్పుడు కట్ట బిగుసుకోకూడదు, దించినప్పుడు మడతలో నలగకూడదు. అందుకని ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చూసుకుంటూ వదులు సరిపెట్టాం.

రిలే కూడా మార్చాం. 9 ఆంప్స్‌కే 0.35 డ్రాప్ అంటే కాంటాక్టు పాడైనట్టు లెక్క, మంచి రిలేలో అది 0.05 చుట్టూ ఉంటుంది. పాతది కోసి చూస్తే కాంటాక్టు మీద గుంట, చుట్టూ నల్లటి మసి. తక్కువ కరెంటు అందిన సాలినాయిడ్ లాగక, పుల్ ఇన్ చుట్టు కరెంటు ఆగక, ప్రతిసారీ తాళం వదిలినప్పుడు ఆ ఇరవై ఆరు ఆంప్స్‌నీ రిలేనే తెంచాల్సి వచ్చింది. మెరుపు అక్కడే పుట్టింది. పాతదాని రేటింగే ఉన్న రిలే వేశాం, రిలే బేసు టెర్మినళ్ళ బిగువు కూడా చూసుకున్నాం. ఎక్కువ ఆంప్స్ రిలే వేసేస్తే మంచిదనుకుంటారు గానీ, వదులు బేసులో ఎంత పెద్ద రిలే వేసినా అదే కథ.

అనుమానించి వదిలేసినవి

ఫ్యూయల్ సాలినాయిడ్ దీనిలో కీ ఆన్ చేయగానే స్పష్టంగా లాగుతోంది, పట్టి ఉంచుతోంది. సెల్ఫ్ తిరిగి ఇంజిను అందుకోకపోతే దాన్ని చూడాలి, ఇక్కడ ఆ లక్షణం లేదు. హీటర్ ప్లగ్గులదీ అంతే. ఇంజినుకి నేరుగా కలిసి ఉన్న హైడ్రోస్టాటిక్ పంపు భారాన్ని తోసిపుచ్చడం ముఖ్యం, ఎందుకంటే ఆక్సిలరీ హైడ్రాలిక్స్ ఆన్‌లో లాక్ అయి ఉంటే అటాచ్‌మెంట్‌ని కూడా సెల్ఫే తిప్పాల్సి వస్తుంది. అయితే ఆ భారం ఉంటే ఆంప్స్ 260 దాటి ఎక్కడికో పోయేవి, లైట్లు మసకబారేవి. వేడి మిషన్‌కి బ్యాటరీ నుంచి 40 ఆంప్స్ ఫ్యూజున్న జంపర్ స్విచ్చుతో నేరుగా ఎస్ టెర్మినల్‌కి సప్లై ఇచ్చి చూస్తే సెల్ఫ్ ఠపీమని అందుకుని తిరిగింది. చక్రాలకు అడ్డు, లీవర్లు న్యూట్రల్, ఫ్యూయల్ కప్లర్ ఊడదీసి, చక్రాల దగ్గర ఎవరూ లేకుండా చేయాల్సిన పరీక్ష ఇది. సెల్ఫ్, పెద్ద కేబుళ్ళు, ఇంజిను మూడింటినీ అది ఒక్క దెబ్బకి కేసు నుంచి తప్పించింది.

సరిచూసుకోవడం

బల్బు పరీక్ష మళ్ళీ చేస్తే బల్బు దగ్గర 10.65 ఉన్నది 11.98కి వచ్చింది. దారి మొత్తం డ్రాప్ 0.42, అందులో కప్లర్ వాటా 0.02. ఎస్ వైరు తగిలించాక, ఇన్‌రష్ (మొదటి క్షణంలో ఎగసే కరెంటు) పట్టే క్లాంప్ మీటరుతో వేడి మిషన్ మీద సాలినాయిడ్ లాగే క్షణంలో 38 ఆంప్స్.

అంకెలు బాగున్నా, వేడి ఫిర్యాదుని వేడి మిషన్ మీదే మూసేయాలి. గంట సేపు లోడు మీద నడిపి, ఆపి, తలుపు మూసి పదిహేను నిమిషాలు ఆగి స్టార్ట్. మళ్ళీ అరగంట పని, మళ్ళీ పదిహేను నిమిషాలు. ఇలా ఆరుసార్లు, ఆరుసార్లూ మొదటి తిప్పుకే అందుకుంది. మూడోసారి తర్వాత కావాలనే క్యాబ్ ఎత్తి దించి, కట్టను ఊపి చూశాం, తేడా రాలేదు. నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర చార్జింగ్ 14.1 ఓల్టులు.

జాబ్ కార్డులో ఈ ఐదు డ్రాప్ అంకెలనూ మరమ్మతుకి ముందూ తర్వాతా రెండు వరసల్లో రాసి, 500 గంటల సర్వీసులో అదే బల్బుతో మళ్ళీ కొలవాలని గుర్తు పెట్టాం. కప్లర్‌లో 0.02 ఉన్నది అప్పటికి 0.10 అయి కనబడితే, సెల్ఫ్ మొరాయించక ముందే దాన్ని విప్పాలి.